అజంతా నకళ్ళలో నేతవాని చరిత్ర

చరిత్రలో మనుషులు ఏం కట్టుకున్నారన్న ప్రశ్నను మన చరిత్రకారులు చాలాకాలం చిన్న ప్రశ్నగానే చూశారు. ఏ రాజు ఎవరిమీద దండెత్తాడు, ఏ గుడికి ఎన్ని ఊళ్ళు వ్రాసిచ్చాడు అనేవి పెద్ద ప్రశ్నలు. కట్టుబట్ట సంగతి ఊసుపోక చెప్పుకునే ముచ్చట. ఈ చూపు తప్పని గట్టిగా చెప్పినవారిలో మన పాలమూరు సీమకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి ముఖ్యుడు. 1949లో వెలువడిన ఆయన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాజుల వంశావళిని పక్కన పెట్టి జనం తిండినీ, బట్టనూ, ఆటలనూ, నమ్మకాలనూ చరిత్రగా నిలబెట్టింది. కేంద్ర సాహిత్య అకాడమీ 1955లో తెలుగుకు ఇచ్చిన మొదటి బహుమానం ఆ గ్రంథానికే దక్కింది.

ప్రతాపరెడ్డిగారు ప్రధానంగా కావ్యాలమీద ఆధారపడ్డారు. కావ్యం బట్ట పేరు చెబుతుంది, బట్టను చూపలేదు. పాల్కురికి సోమనాథుడు వస్త్రాల పేర్లను బారులు తీర్చి చెప్పాడు. వాటిలో ఎన్నింటికో ఈనాడు అర్థం తేల్చడం పండితులకే కష్టం. మాట మిగిలింది, బట్ట పోయింది. పోకేం చేస్తుంది? అది రాయి కాదు, రాగిరేకు కాదు. చెమటకు చివుకుతుంది, ఉతుకుకు చిరుగుతుంది, చివరకు పసిబిడ్డ పక్కగుడ్డ అయి మట్టిలో కలుస్తుంది. ఏలినవారి ఆజ్ఞలు నిలవడానికి శిల దొరికింది. నేసినవారి పనితనం నిలవడానికి ఏ ఆధారమూ దొరకలేదు.

అందువల్ల బట్టను బట్టగా, అంచును అంచుగా, మడతను మడతగా చూపించిన చిత్రం ఎక్కడైనా దొరికితే దానిని శాసనంతో సమానంగా చదవాలని నా వాదం. అటువంటి చిత్రాలు మనకు దూరాన లేవు. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్సులోని రాష్ట్ర పురావస్తు ప్రదర్శనశాలలో అజంతా కుడ్యచిత్రాలకు వ్రాసిన నకళ్ళున్నాయి. సయ్యద్ అహ్మద్ అనే చిత్రకారుడు ఏళ్ళ తరబడి గుహల చీకటిలో నిలిచి వ్రాసిన నకళ్ళు వాటిలో ఉన్నాయి. చౌటుప్పల్ చుట్టుపట్ల మగ్గాల మధ్య మసలే నాబోటివానికి ఆ నకళ్ళలో మొదట కనబడేది బోధిసత్త్వుని కరుణ కాదు, అతని నడుముకు చుట్టిన చారల బట్ట.

అజంతా నకళ్ళు హైదరాబాదుకు ఎందుకు వచ్చాయో ముందు చెప్పుకోవాలి. ఆ గుహలు నాడు నైజాము రాజ్యంలో, ఔరంగాబాదు జిల్లాలో ఉండేవి. 1819లో ఒక ఇంగ్లీషు సైనికాధికారి వాటిని బయటి ప్రపంచానికి తెలియజేశాడు. 1844 నుండి మద్రాసు సైన్యానికి చెందిన రాబర్ట్ గిల్ నకళ్ళు వ్రాయడం మొదలుపెట్టి ఇరవై ఏళ్ళకు దగ్గరగా అక్కడే గడిపాడు. వాటిలో చాలాభాగం 1866లో లండను శివారు సిడెనాంలోని క్రిస్టల్ ప్యాలెస్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో కాలిపోయింది. 1872 నుండి 1885 వరకు బొంబాయి చిత్రకళాశాలకు చెందిన జాన్ గ్రిఫిత్స్ తన విద్యార్థులతో మళ్ళీ నకళ్ళు వ్రాయించాడు. వాటిలోనూ వందకు పైగా 1885లో లండనులోనే అగ్నికి ఆహుతి అయ్యాయి. మన గోడలమీది బొమ్మలు రెండుసార్లు పరాయి దేశంలో కాలిపోయాయన్నమాట.

మూడవ ప్రయత్నం లేడీ హెరింగ్‌హామ్‌ది. 1909–11 మధ్య రెండు చలికాలాలు ఆమె అజంతాలో పనిచేసింది. కలకత్తా నుండి నందలాల్ బోస్, అసిత్ కుమార్ హాల్దార్ వంటి యువకులు వచ్చారు. హైదరాబాదు నుండి సయ్యద్ అహ్మద్, ఫజ్లుద్దీన్ వెళ్ళారు. కలకత్తా యువకుల పేర్లు భారతీయ చిత్రకళా చరిత్రలో వెలిగాయి. హైదరాబాదు చిత్రకారుల పేర్లు అడుగున ఉండిపోయాయి. 1914లో నైజాము ప్రభుత్వం పురావస్తుశాఖను నెలకొల్పి గులాం యజ్దానీని దానికి అధిపతిని చేసింది. 1920–22 మధ్య ఇటలీ నిపుణులు వచ్చి ఊడిపోతున్న గోడపూతను నిలబెట్టారు. సయ్యద్ అహ్మద్ గుహల సంరక్షకుడుగా అక్కడే ఉండిపోయి నకళ్ళు వ్రాస్తూ వచ్చాడు. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగి ఔరంగాబాదు బొంబాయి రాష్ట్రంలో చేరింది. గుహలు అటు పోయాయి, నకళ్ళు ఇటు మిగిలాయి.

ఇక చిత్రంలోకి వద్దాం. మొదటి గుహలో మహాజనక జాతక కథ ఉంది. రాజు విరక్తుడై రాజ్యం విడిచిపోవాలని తలుస్తాడు; అతని మనసు మరల్చడానికి రాణి సీవలి ఆటపాటలు ఏర్పాటు చేస్తుంది. నడుమ నర్తకి, చుట్టూ పిల్లనగ్రోవులు, తాళాలు, మద్దెలలు పట్టిన స్త్రీలు. సామాన్య ప్రేక్షకుడు నర్తకి ఒంటి వంపు చూస్తాడు. నేను చూడమనేది ఆమె చేతులను. మణికట్టు దాకా వచ్చి ఒంటిని అంటిపెట్టుకొన్న కుట్టుబట్ట అది. దాని కింద పాదాలదాకా అడ్డచారల వస్త్రం. చార చారకూ వెడల్పు వేరు, రంగు వేరు. కాలు మడచిన చోట చార విరిగి, తుంటి దగ్గర సాగి, పాదం దగ్గర మళ్ళీ ముడుచుకొంటుంది. వ్రాసినవానికి బట్ట ఒంటిమీద ఎలా పడుతుందో తెలుసు. అది కట్టిచూచిన కన్నో, నేతవాని ఇంట పెరిగిన కన్నో అయి ఉండాలి.

ఇప్పుడు అదే కథలోని రాజును చూడండి. అతని ఒంటిమీద కుట్టుబట్ట లేదు. నడుము చుట్టూ పల్చని చారల వస్త్రం. పైన అంతా నగలు. అదే గుహలోని ప్రఖ్యాత పద్మపాణీ అంతే: తల మీద రత్నకిరీటం, మెడలో ముత్యాలు, నడుముకు కుట్టులేని బట్ట. గుహలన్నీ తిరిగి లెక్క చూస్తే ఒక పద్ధతి బయటపడుతుంది. చొక్కాలు, అంగీలు, చేతులున్న కుట్టుబట్టలు ఎక్కువగా తొడిగినవారు భటులు, పరిచారికలు, నర్తకులు, వేటగాళ్ళు, విదేశీయులు. మొదటి గుహ కప్పుమీద కూచున్న గడ్డపు పరదేశీయునికి టోపీ ఉంది, అంగీ ఉంది, కాళ్ళకు మేజోళ్ళు కూడా ఉన్నాయి. ఏలేవారి ఒంటిమీద మాత్రం మగ్గంమీంచి దిగిన బట్ట దిగినట్టే ఉంది, కత్తెర తగలకుండా.

దీని అర్థం ఏమిటి? కుట్టుబట్ట నాగరికత, కుట్టని బట్ట అనాగరికత అని ఇంగ్లీషు దొరలు మనకు బడిలో నేర్పిన పాఠం ఇక్కడ తలకిందులవుతుంది. ఆనాటి సమాజంలో సంపద నూలు సన్నదనంలో, నేత పనితనంలో ఉంది, కుట్టులో లేదు. పరుగెత్తవలసినవాడికి, బరువు మోయవలసినవాడికి, గుర్రమెక్కి కత్తి తిప్పవలసినవాడికి ఒంటికి అంటిన చొక్కా కావాలి. కదలనక్కరలేనివాడు, జారిన పైబట్టను సర్దడానికి పక్కన మనిషి ఉన్నవాడు, సన్నబట్టను చుట్టుకొని కూచుంటాడు. కుట్టు పనికి గుర్తు. జారుబట్ట తీరికకు గుర్తు. ఈ వర్గరేఖను ఏ శాసనమూ చెప్పలేదు, ఏ కావ్యమూ ఇంత సూటిగా చెప్పలేదు. గోడమీద చిత్రకారుడు ఏ సిద్ధాంతమూ లేకుండా చూచింది చూచినట్టు వ్రాయబట్టి మనకు తెలిసింది. నకలు వ్రాసినవాడు ‘ఇది చిల్లర వివరం’ అని వదిలిపెట్టకపోవడంవల్ల మనదాకా వచ్చింది.

బట్టల వివరం పట్టించుకోని చిత్రం ఏం చేస్తుందో మన క్యాలెండర్లనూ, పౌరాణిక సినిమాలనూ చూస్తే తెలుస్తుంది. వాటిలో శకుంతల నుండి రుద్రమదేవి దాకా అందరూ ఒకే కాలం దుస్తులు తొడుక్కుంటారు. రాజులంతా ఒకే జరీ దుకాణంలో కొన్నట్టు కనబడతారు. వేయేళ్ళు, రెండువేల ఏళ్ళు ఒకే బట్ట కట్టిన సమాజం మారని సమాజం. మారని సమాజాన్ని మార్చనక్కరలేదు గదా! ఈ అబద్ధంలోని రాజకీయం అది. అజంతా గోడలు ఈ అబద్ధాన్ని ఒప్పుకోవు. అక్కడ పదవ గుహలో క్రీస్తుకు పూర్వం నాటి చిత్రాల శకలాలున్నాయి. అవి శాతవాహనుల యుగానివి; తలపాగాల చుట్టు, నగల బరువు మన అమరావతి తొలి శిల్పాలకు చుట్టాలు. అయిదవ శతాబ్దపు వాకాటకుల కాలం నాటి మొదటి గుహకు వచ్చేసరికి పాగాలు పోయి కిరీటాలు వచ్చాయి, బట్ట పలచబడింది, చారలు పెరిగాయి. అయిదారు వందల ఏళ్ళలో కట్టు మారింది. కట్టు మారిందంటే దాని వెనుక మగ్గం మారింది, వర్తకం మారింది, కట్టేవాడి స్థానం మారింది.

సరే, ఈ బట్టలు ఎవరు నేశారు? పదహారవ గుహ వాకాటక మంత్రి వరాహదేవుడు తొలిపించినది. అక్కడి శాసనం అతని ప్రభువుల వంశాన్ని పొగుడుతుంది. హరిషేణుని ప్రతాపం చెప్పేచోట కళింగ, కోసల దేశాలతోపాటు ఆంధ్రదేశం పేరూ ఎత్తుతుంది. అయితే తొలిచిన రాతిపనివాడి పేరు, వ్రాసిన చిత్రకారుని పేరు ఆ పొగడ్తలో లేవు. చిత్రంలోని బట్ట నేసినవాని మాట సరేసరి.

కాని నేతవాడు చరిత్రలో పూర్తిగా మూగవాడు కాడు. నాసిక్ గుహలో రెండవ శతాబ్దపు తొలి భాగం నాటి ఉషవదాతుని శాసనం ఉంది. అతడు 3,000 కార్షాపణాలను గోవర్ధన నగరంలోని సాలెవారి శ్రేణుల దగ్గర శాశ్వత నిధిగా ఉంచాడు: ఒక శ్రేణి దగ్గర 2,000 నెలకు నూటికి ఒకటి వడ్డీకి, మరొక శ్రేణి దగ్గర 1,000 నెలకు నూటికి ముప్పాతిక వడ్డీకి. ఆ పెద్ద మొత్తం వడ్డీతో 20 మంది భిక్షువులకు తలా 12 కార్షాపణాల చొప్పున బట్టలకు ఇవ్వాలి. ఈ నాలుగు పంక్తులలో ఎంత చరిత్ర ఉందో చూడండి. సాలెవారికి సంఘం ఉంది. రాజు అల్లుడు నమ్మి డబ్బు దాచుకొనేంత పరపతి ఉంది. ఈనాడు నేతగాడు వడ్డీ కడుతున్నాడు. ఆనాడూ కట్టాడు, అయితే సంఘంగా, బ్యాంకుగా నిలబడి కట్టాడు. అదే కాలంలో ఒక గ్రీకు నావికుడు వ్రాసిన ‘ఎరిత్రియన్ సముద్ర యాత్ర’ తగర నుండి బట్టలు భరుకచ్ఛ రేవుకు పోయేవని, మన కృష్ణాతీరపు మసాలియా ప్రాంతంలో సన్నబట్ట విస్తారంగా తయారయ్యేదని చెబుతుంది. అజంతా రాజు నడుము చుట్టూ ఉన్న ఆ పల్చదనం ఆకాశంనుండి ఊడిపడలేదు. దక్కను పత్తి, దక్కను సాలె, దక్కను బాట దానిని నేశాయి.

వివరంగా వ్రాయడం అనేది ఒకటే పని అయినా ఎవరికోసం వ్రాస్తున్నామన్నదాన్ని బట్టి దాని నీతి మారుతుందని కూడా మనం గుర్తించాలి. గిల్ నకళ్ళు కాలిపోయిన 1866లోనే లండనులో జాన్ ఫోర్బ్స్ వాట్సన్ భారతీయుల బట్టలపైనా వేషధారణపైనా పెద్ద గ్రంథం వెలువరించాడు. దానికి తోడుగా 18 సంపుటాలలో 700 బట్టముక్కలు అతికించి, అటువంటి 20 ప్రతులు తయారు చేయించాడు. వాటిలో 13 ఇంగ్లండు వైపు పారిశ్రామిక పట్టణాలకు చేరాయి, 7 మన దేశానికి వచ్చాయి. తలపాగా ఎన్ని గజాలు, చీర అంచు ఎంత వెడల్పు, ధోవతి కొంగు ఎక్కడ వస్తుంది అన్నీ అందులో ఉన్నాయి. అంత శ్రద్ధ ఎందుకు? మాంచెస్టరు మిల్లు యజమాని మన కంటికి నచ్చే బట్ట నేసి మనకే అమ్మడానికి. ఆ వివరం ప్రేమ కాదు, వేటగాడు అడుగుజాడను చదివే శ్రద్ధ. సయ్యద్ అహ్మద్ నకలులోని వివరం అటువంటిది కాదు. అది అమ్మకానికి పుట్టలేదు. ఊడిపోతున్న గోడనుండి ఒక్క చార కూడా పోకూడదన్న ఆరాటంతో పుట్టింది.

నకలు వ్రాయడం తేలికైన పని అనుకొనేవారికి ఒక మాట. గోడమీద సగం పూత ఊడి ఉంటుంది. పొగమసి పట్టి, పాత వార్నీషు పచ్చబడి ఉంటుంది. అప్పుడు నకలుకారుని ముందు రెండు దారులుంటాయి. లేని భాగాన్ని తన ఊహతో నింపి అందమైన బొమ్మ చేయడం ఒకటి. చినిగినదాన్ని చినిగినట్టే వ్రాయడం రెండవది. మొదటిది మెప్పు తెస్తుంది, రెండవది చరిత్రకు పనికివస్తుంది. బట్ట విషయంలో ఈ తేడా మరీ పెద్దది. కనబడని అంచును ఊహించి వ్రాస్తే లేని బట్ట ఒకటి చరిత్రలో పుడుతుంది. ఈ రోజుల్లో మంచి కెమెరాలు వచ్చాయి, గుహల చీకటిలో సైతం రంగులు పట్టగలుగుతున్నాయి. అయినా చేతి నకలుకు విలువ పోలేదు. కెమెరా అన్నిటినీ సమంగా చూస్తుంది. చేయి మాత్రం ఎక్కడ చార తిరిగిందో, ఎక్కడ మడత కింద చార దాగిందో అర్థం చేసుకొంటేగాని గీయలేదు. నకలు వ్రాయడం చదవడమే.

ఇక మన ఇంటి ముంగిటికి వస్తాను. హైదరాబాదు నుండి విజయవాడ పోయే రహదారిమీద ఉన్న చౌటుప్పల్, దాని పక్కన కొయ్యలగూడెం, కొంచెం అవతల పుట్టపాక, ఇటు పోచంపల్లి: 2016 దాకా నల్లగొండ జిల్లాలో ఉండి, ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరిన ఈ ఊళ్ళన్నీ చిటికి నేతకు, అంటే ఇక్కత్‌కు, పేరుపొందినవి. చీరాల నుండి ఈ విద్య ఇరవయ్యవ శతాబ్దం తొలి దశకాలలో ఇక్కడికి చేరి వేళ్ళూనింది. అజంతా నకలులో బట్ట బొమ్మ అవుతుంది. ఇక్కడ బొమ్మ బట్ట అవుతుంది. ముందు గ్రాఫు కాగితంమీద గడి గడికీ లెక్కవేసి రూపం గీస్తారు. ఆ లెక్క ప్రకారం నూలు పోగులను గుత్తులు గుత్తులుగా రబ్బరు పట్టీలతో బిగించి కట్టి రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు పట్టదు. విప్పి మళ్ళీ కట్టి మరో రంగులో ముంచుతారు. మగ్గమెక్కక ముందే బొమ్మ నూలులో ఉంటుంది. నేత ఆ బొమ్మను బయటికి తీస్తుంది. పడుగు ఒక పోగు జరిగినా, పేక ఒక పోగు తప్పినా పువ్వు ముక్కు వంకరపోతుంది.

ఈ పనిలో పేక నూలును ఆసుమీద చుట్టడం ఆడవారి పని. ఒక్క చీరకు చేయి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం తన తల్లి భుజాల నొప్పి చూడలేక 1999లో ఆసు యంత్రం తయారుచేసి, దానికి ఆమె పేరే పెట్టాడు. 2017లో ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. ఆ తొమ్మిదివేల కదలికలు ఏ చీరమీదా కనబడవు. అజంతా నర్తకి చారల వెనుక ఎన్నివేల కదలికలున్నాయో కూడా కనబడవు. కాని మగ్గం తెలిసిన కన్ను ఆ చారను చూచి ఊరుకోదు. వేళ్ళమీద లెక్క మొదలుపెడుతుంది.

అజంతాలో కనబడే కొన్ని చారల అంచులు చెదిరినట్టుండడం చూచి అది ఇక్కత్తే అని చెప్పేవారున్నారు. వారి ఉత్సాహం నాకర్థమవుతుంది గాని తీర్పు చెప్పడం తొందరపాటు. చిత్రం రూపాన్ని చూపుతుంది, తయారీ మార్గాన్ని చూపదు. అదే రూపం అద్దకంతోనూ వస్తుంది, నేతలోనూ వస్తుంది. మనకు ప్రాచీనతా పత్రం అక్కరలేదు. మన నేతవాని గౌరవానికి ఈనాటి అతని పనితనమే చాలు. వాకాటకుల సిఫారసు దానికి ఎందుకు?

ఇక్కడే మరొక సంవత్సరాన్ని గుర్తుచేయాలి. 1930లో యజ్దానీ అజంతా గ్రంథం మొదటి భాగం నైజాము ప్రభువు అండతో ఆక్స్‌ఫర్డు ముద్రగా వెలువడింది. సరిగ్గా ఆ ఏడే జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. అధ్యక్షుడు సురవరం ప్రతాపరెడ్డి. ఒకే రాజ్యం, ఒకే సంవత్సరం. ఒకవైపు పదిహేను వందల ఏళ్ళనాటి బొమ్మలోని బట్టను భద్రం చేయడానికి ఖజానా తెరుచుకొంది. మరోవైపు అదే రాజ్యపు తెలంగాణ పల్లెల్లో బతికున్న సాలె దొర గడీకి వెట్టిగా బట్ట ఇచ్చుకొంటున్నాడు. యజ్దానీ పనినిగాని, సయ్యద్ అహ్మద్ పనినిగాని తక్కువ చేయడానికి ఈ మాట చెప్పడం లేదు. వారి శ్రమ మన జాతి ఆస్తి. కాని బట్ట బొమ్మకు దక్కిన రక్షణ బట్ట నేసేవానికి దక్కని వ్యవస్థను భూస్వామ్యమంటాం. 1946 నుండి 1951 దాకా తెలంగాణ ప్రజలు ఎదిరించింది దానినే.

గడీలు కూలాయి. మగ్గం కష్టం తీరిందా? 2019–20 నాటి అఖిల భారత చేనేత గణన ప్రకారం దేశంలో దాదాపు మూడింట రెండు వంతుల నేత కుటుంబాల నెల ఆదాయం 5,000 రూపాయల లోపే. పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు వచ్చి ఇరవై ఏళ్ళయింది. పుట్టపాక తేలియా రుమాలుకూ 2020లో వచ్చింది. అయినా మన గ్రాఫు కాగితంమీద పుట్టిన రూపాన్ని మిల్లులు ఒక్క పూటలో గుడ్డమీద అచ్చువేసి పావు ధరకు అమ్ముతున్నాయి. వాట్సన్ 700 ముక్కలు అతికించి పంపవలసి వచ్చింది. ఈనాటి వాట్సన్‌కు ఒక్క ఫొటో చాలు.

కాబట్టి వస్త్రచిత్రాలను మెచ్చుకోవడం అంటే ‘ఆహా, ఎంత సూక్ష్మంగా గీశాడు’ అని తల ఊపడం కాదు. ఆ బొమ్మముందు నాలుగు ప్రశ్నలు వేయాలి: ఇది నేసిందెవరు, కట్టిందెవరు, గీసిందెవరు, ఎవరికోసం గీశారు? ఈ ప్రశ్నలు తరగతి గదిలో వేయగల ఉపాధ్యాయులు మన పాఠకులలో ఎందరో ఉన్నారు. వారు విద్యార్థులను పబ్లిక్ గార్డెన్సుకు తీసుకుపోవాలి. వారితోపాటు మన నేతపనివారిని కూడా. నూలుకోసమూ, బేరంకోసమూ హైదరాబాదు పోయే మనిషికి ఆ ప్రదర్శనశాల గడప పరాయిది కాకూడదు. అజంతా చారలను గ్రాఫు కాగితంమీదికి ఎక్కించగల చేయి పండితునికి లేదు, అతనికే ఉంది. అలాగే మన చిత్రకళా విద్యార్థులు కొయ్యలగూడెం మగ్గాల దగ్గర కూచుని ఈనాటి చీర అంచునూ, దుప్పటి గడినీ, ఆసు తిప్పే చేతినీ అదే శ్రద్ధతో గీయాలి. అడుగున గీసినవారి పేరుతోపాటు నేసినవారి పేరు కూడా వ్రాయాలి. వరాహదేవుని శాసనం చేయని పని అది.